గోడకు తగిలించిన కాగితం పని చేయాలంటే

సంపాదకుడు గారికి,

ఇంటి పనుల ఒత్తిడి మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు 'పనుల జాబితా రాసుకోండి' అన్న ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్లిపోతాయి. నిజానికి జాబితా రాయని ఇల్లు అరుదు. క్యాలెండరు వెనకో, పాత కవరు మీదో, ఫోనులోనో అందరూ ఎప్పుడో ఒకప్పుడు రాసినవాళ్లే. సోమవారం ఉత్సాహంగా నాలుగు పనులు కొట్టేస్తారు. గురువారానికి ఆ కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. బద్ధకమని ఒకరినొకరు అనుకుంటారు గానీ, చాలాసార్లు తప్పు ఆ కాగితం రాసిన తీరులోనే ఉంటుంది. ఎక్కడ చెడుతుందో, ఎలా సరిచేయవచ్చో కాస్త వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం. పత్రికకు ఒక విన్నపం కూడా ఉంది, అది చివర్లో.

మొదటి తప్పు మూడు జాతుల పనులను ఒకే కాగితం మీద కలిపేయడం. 'దుప్పట్లు ఉతకాలి' అన్నది వారం వారం తిరిగొచ్చే పని. 'బండి ఇన్సూరెన్సు రెన్యువల్ చేయించాలి' అన్నది ఒకసారి చేస్తే మళ్లీ ఏడాదిదాకా కనబడని పని. 'మెషిన్ రిపేరుకు ఎప్పుడొస్తారో చెప్తామన్నారు' అన్నది అసలు మన చేతిలో లేని పని. ఈ మూడూ కలిస్తే జాబితా కొండవీటి చాంతాడే. అంతకన్నా నష్టం ఇంకొకటుంది. తిరిగొచ్చే పనులు ఎలాగూ జరిగేవే కాబట్టి వాటిని టకటకా కొట్టేస్తాం, ఏదో సాధించినట్టుంటుంది. ఆ సంతృప్తి చాటున ఒంటరి పనులు, అంటే ఒకసారి చేస్తే తీరేవి, కిందికి జారిపోతాయి, గడువు దాటి జరిమానా పడ్డాకే గుర్తొస్తాయి. మన చేతిలో లేనివేమో చూసినప్పుడల్లా చిరాకు తెప్పించి, చివరికి కాగితం వైపే చూడబుద్ధి కాకుండా చేస్తాయి.

అందుకని మూడు కాగితాలు కావాలి. నిత్యం వచ్చేవాటికి ఒక పట్టిక, ఈ వారం ఒంటరి పనులకు ఒక జాబితా, ఇతరుల కోసం ఎదురుచూసేవాటికి ఒక చిన్న చీటీ.

నిత్య పట్టికను వారం వారం రాయక్కర్లేదు. ఒకసారి శ్రద్ధగా రాస్తే ఆరు నెలలు నడుస్తుంది. రోజుకు ఒక్క బరువు పనికి మించి వేయకూడదు. మంగళవారం బాత్‌రూములు, గురువారం నేల తుడుపు, శనివారం దుప్పట్లు అన్నట్టు. నెలకోసారి చేసేవాటిని (ఫ్యాన్లు తుడవడం, నీళ్ల ఫిల్టరు కడగడం, ఫ్రిజ్ ఖాళీ చేసి తుడవడం) అన్నిటినీ ఒకటో తారీఖున కుప్ప వేయడం చాలామంది చేసే పొరపాటు. బిల్లుల గొడవా అప్పుడే ఉంటుంది కాబట్టి రెండూ చెడతాయి. మొదటి శనివారం ఒకటి, రెండో శనివారం ఒకటి అని పంచితే ఏదీ మోయలేనంతగా అనిపించదు.

'రోజూ చేసేదే కదా, రాయడమెందుకు' అని అడిగేవాళ్లుంటారు. దీనికి విమానాల చరిత్రలో మంచి జవాబుంది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 అనే విమానం పరీక్ష కోసం గాలిలోకి లేచిన కాసేపటికే కూలిపోయింది. ఇంజన్లలో లోపం లేదు, నడిపినవాళ్లూ ఆరితేరినవాళ్లే. నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక భాగాలు ఊగకుండా వేసే లాకును తీయడం మరిచిపోయారు, అంతే. ఆ తర్వాత పరీక్షా పైలట్లు బయల్దేరే ముందు చూసుకోవలసిన వాటిని చిన్న కార్డు మీద రాసుకోవడం మొదలుపెట్టారు. తెలియని పనిని జాగ్రత్తగా చేస్తాం. బాగా తెలిసిన పనిలోనే ఒక మెట్టు జారిపోతుంది, ఎందుకంటే చెయ్యి కదులుతుంటుంది, బుర్ర ఇంకెక్కడో ఉంటుంది.

ఇంట్లో అలాంటి కార్డు కావలసింది రెండే చోట్ల. ఒకటి వీధి తలుపు లోపలి వైపు, కంటి ఎత్తులో: గ్యాస్ కట్టేశామా, కుళాయిలు, ఇస్త్రీపెట్టె స్విచ్చి, కిటికీలు, తాళాలు, మందులు. ఆరు మాటలు చాలు. పది దాటితే ఎవరూ చదవరు. రెండోది పిల్లల బ్యాగులు పెట్టే చోట. కార్డు ఎక్కడ ఉండాలన్నది దాని మీద ఏముందన్నంత ముఖ్యం. బయటికి వెళ్లేటప్పుడు చూడాల్సిన కార్డును వంటింట్లో అతికిస్తే అది అలంకారమే.

ఇక అసలు చిక్కంతా వారం జాబితాతోనే.

దీనికి వారానికి ఒకసారి ఇరవై నిమిషాలు కూర్చోవాలి, ఇంట్లో పెద్దవాళ్లందరూ. మొదటి ఐదు నిమిషాలు ఎవరికి తోచింది వాళ్లు చెప్తుంటే ఒకరు వరసగా రాసేయాలి. అప్పుడు ఏదీ ముఖ్యమా కాదా అని వాదించకూడదు. ఆ వాదన మొదలైతే ఇరవై నిమిషాలూ దానికే పోతాయి. తర్వాతి పది నిమిషాలు ఏరివేతకు: ఈ వారమే జరగాలా, ఆగితే ఏమవుతుంది? ఆగగలిగేదాన్ని వెనక పేజీలో 'తర్వాత' అన్న చోట పడేయాలి. చివరి ఐదు నిమిషాల్లో ప్రతి పని పక్కనా ఒక పేరు, ఒక రోజు.

రాసే మాటలో క్రియ ఉండాలి. 'స్కూలు ఫీజు' అన్నది పని కాదు, బెంగ. 'బుధవారంలోగా రెండో టర్ము ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి రసీదు దాచాలి' అన్నది పని. 'కుళాయి' అని రాసుకుంటే చూసిన ప్రతిసారీ ఏం చేయాలో మళ్లీ మొదటినుంచీ ఆలోచించాలి. ఆ ఆలోచన బద్ధకానికే దాన్ని దాటేసి కిందిదానికి వెళ్లిపోతాం. 'ప్లంబర్‌కు ఫోన్ చేసి శనివారం ఉదయం రమ్మనాలి' అని రాస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. 'బీరువా సర్దాలి' ఎన్ని వారాలైనా జరగదు. 'బీరువా పై అర ఖాళీ చేసి, చిన్నవైపోయిన బట్టలు సంచిలో కట్టాలి, అరగంట' అయితే జరుగుతుంది. ఒక పని ఎక్కడ ముగుస్తుందో రాతలోనే తెలియాలి, లేకపోతే దాన్ని కొట్టేసే రోజు రాదు.

ఎన్ని పనులు రాయాలి? ఇది మనసును బట్టి తేల్చకూడదు, లెక్క వేసుకోవాలి. ఉద్యోగాలు చేసే ఇంట్లో వంట, భోజనం, పిల్లల చదువు పోను సాయంత్రం ఇలాంటి పనులకు మిగిలేది నలభై నిమిషాలనుకుందాం. ఐదు రోజులకు 200 నిమిషాలు. శని, ఆదివారాల్లో మూడేసి గంటలు కలిపితే 360. మొత్తం 560 నిమిషాలు. ఇందులో మూడో వంతు ఏమీ రాయకుండా వదిలేయాలి, మిగిలేది సుమారు 370. పని ఒక్కింటికి సగటున అరగంట వేసుకుంటే పన్నెండు. ఇంటికి పన్నెండు, మనిషికి పన్నెండు కాదు! మీ ఇంటి అంకెలు వేరు కావచ్చు, లెక్క ఇదే.

మూడో వంతు వదలడం ఎందుకంటే, మన అంచనా ఎప్పుడూ తక్కువే పలుకుతుంది. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీనికి పేరు పెట్టి చర్చించారు. 1994లో అచ్చయిన మరో పరిశోధనలో విద్యార్థులను థీసిస్ ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. పట్టింది 55కు పైగా. అంటే ఒకటిన్నర రెట్లు దాటింది. పైన వేసిన 370ని ఒకటిన్నరతో హెచ్చవేసి చూడండి, మళ్లీ 555 దగ్గరికే వస్తాం. వదిలిన ఆ మూడో వంతు ఖాళీగా ఏమీ ఉండదు. జ్వరం, కరెంటు కోత, చెప్పకుండా దిగిన చుట్టం, వీళ్లంతా అందులోనే సర్దుకుంటారు.

సమయం విషయంలో ఇంకో గొప్ప తికమక ఉంది. ప్రతి పనికీ రెండు కాలాలుంటాయి: చెయ్యి పెట్టే కాలం, గడియారంలో గడిచే కాలం. బట్టలనే తీసుకోండి. మెషిన్‌లో వేయడానికి ఐదు నిమిషాలు, ఆరేయడానికి పది, మడతకు పది, ఇస్త్రీకి ఇరవై. చెయ్యి పెట్టేది మొత్తం మూడు పావుగంటలు. కానీ మెషిన్ తిరగడానికి గంట, ఆరడానికి ఎండను బట్టి సగం రోజు నుంచి రోజున్నర. మూడు పావుగంటల పనే కదా అని యూనిఫాం ఆదివారం రాత్రి ఉతికితే సోమవారం పొద్దున తడి బట్టలను ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టే పరిస్థితి. ఇలాంటివాటికి వెనక నుంచి లెక్క కట్టాలి. సోమవారం ఏడింటికి తొడుక్కోవాలి, ఆదివారం సాయంత్రం ఇస్త్రీ, ఆదివారం మధ్యాహ్నానికి ఆరి ఉండాలి, అంటే శనివారం పొద్దునే మెషిన్‌లో పడాలి. జాబితాలో రాయాల్సింది 'యూనిఫాం, సోమవారం' అని కాదు, 'యూనిఫాం మెషిన్‌లో వేయాలి, శనివారం 8 గంటలకు' అని. గడువు రాయడం కాదు, మొదలు రాయాలి.

పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు, రక్త పరీక్షలు, కుట్టుకిచ్చిన బట్టలు, అన్నీ ఈ జాతివే. చెయ్యి పెట్టేది పది నిమిషాలు, గడిచేది పది రోజులు. వారంలో మొట్టమొదట కదపాల్సింది వీటినే. ముందు వీటికి ఫోను చేసి, ఫారం పెట్టి, మెషిన్ తిప్పి, ఆ తర్వాత మన అరల సర్దుళ్లకు కూర్చోవచ్చు. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. చేతికి అందిన సులువైన పని ముందు చేసి, ఆఫీసులు మూసే వేళకు ఫోను తీస్తాం.

ఇక పేర్ల సంగతి. పని పక్కన 'మనం' అని రాసినా, ఏమీ రాయకపోయినా ఫలితం ఒకటే. పదిమందిలో పాము చావదన్న సామెత ఊరికే పుట్టలేదు. ఒక పనికి ఒకే పేరు. ఇద్దరు కలిసి చేసే పనైనా, అది జరిగేలా చూసే పూచీ ఒకరిది.

ఇందులో మగవాళ్లు గమనించవలసినది ఒకటుంది. 'ఏం చేయాలో చెప్పు, చేసేస్తాను' అన్నది సాయంలాగే వినిపిస్తుంది. చెప్పడమే పెద్ద పని అని చాలామందికి తట్టదు. సామాజిక శాస్త్రవేత్త అలిసన్ డామింజర్ 35 జంటలతో మాట్లాడి 2019లో ప్రచురించిన పరిశోధన ఇంటి ఆలోచనా భారాన్ని నాలుగు మెట్లుగా విడదీసింది: అవసరాన్ని ముందే పసిగట్టడం, మార్గాలు వెతకడం, నిర్ణయించడం, జరిగిందో లేదో కనిపెట్టి ఉండడం. నిర్ణయించే మెట్టులో ఇద్దరూ ఉంటారు. ముందే పసిగట్టడం, చివరిదాకా కనిపెట్టి ఉండడం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయని అందులో తేలింది. కాబట్టి పేరు రాసేటప్పుడు పనిని ముక్కగా కాక వేళ్లతో సహా ఇవ్వాలి. 'మందులు: ఫలానావారు' అంటే దుకాణానికి వెళ్లి రావడం ఒక్కటే కాదు. డబ్బాలో ఎన్ని మాత్రలు మిగిలాయో చూడడం, డాక్టరు చీటీ గడువు తెలిసి ఉండడం, తెచ్చినవి సరైనవో కాదో సరిచూడడం కూడా. అలా ఇచ్చాక రెండోవారు మధ్యలో గుర్తు చేయకూడదు. ఇది కష్టమే, ఒకటి రెండుసార్లు పని తప్పుతుంది కూడా. తప్పితే ప్రమాదం లేని పనులతో మొదలుపెట్టాలి. మందులను మొదటి నెలలో చేతులు మార్చకండి.

పిల్లలకు పని ఇచ్చేటప్పుడు ఎక్కడ ఆపాలో కంటికి కనబడాలి. 'గది సర్దు' అంటే పెద్దవాళ్లకే అర్థం వేరువేరుగా ఉంటుంది. 'నేల మీద ఒక్క వస్తువూ ఉండకూడదు, పుస్తకాలు అరలో నిలబడి ఉండాలి' అంటే వాదన ఉండదు. చదువు రాని వయసు పిల్లలకు బొమ్మ గీసి అంటించండి, రెండు మూడు పనులకు మించవద్దు.

ఎదురుచూపుల చీటీలో మూడే గడులు: ఎవరు, ఏ రోజు అడిగాం, మళ్లీ ఏ రోజు అడగాలి. మూడో గడి లేకపోతే ఈ చీటీ ఎందుకూ కొరగాదు.

సరుకుల చీటీ వీటన్నిటికీ వేరు. అది కూర్చుని రాసేది కాదు, నిలబడి రాసేది. వస్తువులుండే అర తలుపుకే కాగితం, దారంతో కట్టిన పెన్సిలు. దారం లేని పెన్సిలు మూడు రోజులు నిలవదు. అయిపోయినప్పుడు రాద్దామనుకుంటే అయిపోయే దాకా తెలియదు కాబట్టి, ఆఖరి ప్యాకెట్టు విప్పిన చెయ్యే చీటీ మీద రాయాలన్నది నియమం. విప్పినది వారం కూడా రాని వస్తువైతే, చివరి రెండు మిగిలినప్పుడే రాయాలి. పేరు పక్కన ఎన్ని, ఎంత సైజు అన్నది లేకపోతే తెచ్చేవాళ్లు దుకాణంలో నిలబడి ఫోను చేస్తారు. ఆ ఒక్క ఫోనుతో చీటీ రాసిన లాభమంతా పోతుంది.

బుధవారం రాత్రి ఐదు నిమిషాలు కాగితం ముందు నిలబడాలి. జరగనిదానికి ఒక బాణం గుర్తు వేసి కొత్త రోజు రాయాలి. బాణాలు దాచకండి, అవే అసలు సమాచారం. ఒకే పనికి మూడు బాణాలు పడ్డాయంటే కారణం మూడింటిలో ఒకటి. పని మరీ పెద్దది, ముక్కలు చేయాలి. లేదా మొదటి అడుగు ఏమిటో తెలియదు, ఎవరినో ఒకరిని అడగాలి. లేదా నిజంగా ఎవరికీ అక్కర్లేదు. మూడోదైతే నిర్మొహమాటంగా కొట్టేయండి. జాబితాలో చచ్చిన పనులు పేరుకుపోతే బతికి ఉన్నవి కూడా కనబడవు.

రంగు పెన్నులు, స్టిక్కర్లు, పాత జాబితాను అందంగా కొత్త కాగితం మీదికి ఎక్కించడం, ఇవన్నీ పని చేస్తున్న భ్రమ కల్పించే పనులు. ఫోను యాప్‌ల విషయంలో అంత కఠినంగా ఉండక్కర్లేదు. సరుకుల చీటీకీ, ఫలానా గంటకే జరగాల్సినవాటికీ (మందు వేళ, డాక్టరు అపాయింట్‌మెంటు) ఫోనే మేలు. కానీ అలారం గంటతో ముడిపడిన పనికే పెట్టాలి. రోజుకు పది మోగితే పదీ మోగుతుండగానే ఆపేయడం చేతికి అలవాటవుతుంది, అసలైనది కూడా అందులో కొట్టుకుపోతుంది. వారం జాబితాకు మాత్రం గోడ మీది కాగితమే సరి. ఫోనులో ఉన్నది ఒకరికే కనిపిస్తుంది, అడిగితే తప్ప రెండోవారికి తెలియదు. పైగా జాబితా చూద్దామని ఫోను తీసినవాళ్లు జాబితా చూసే పెట్టేస్తారన్న నమ్మకం లేదు.

ఇంట్లో ఎవరైనా మంచం పడితే పన్నెండు పనుల కాగితాన్ని మడిచి లోపల పెట్టేయాలి. ఆ రోజుల కోసం ఐదు గీతల కనీస చీటీ ముందే రాసి ఉంచుకోవాలి: తిండి, మందులు, రేపటికి బట్టలు, చెత్త బయట పెట్టడం, ఇవాళే గడువున్న చెల్లింపు. మిగిలిందేదైనా ఆగుతుంది. ఇది ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాయాలి, జ్వరంలో ఉన్న మనిషికి ఏది ఆగుతుందో ఏది ఆగదో తోచదు.

పడుకున్నాక రేపటి పనులు బుర్రలో తిరిగేవాళ్లకు ఇంకో మాట. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 57 మంది యువతీయువకులతో చేసిన ప్రయోగం 2018లో అచ్చయింది. పడుకునే ముందు ఐదు నిమిషాలు రాబోయే పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకన్నా సగటున తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. ఎంత విడమరిచి రాస్తే అంత తొందరగా నిద్ర పట్టింది. చిన్న ప్రయోగమే అయినా, ఖర్చు ఒక కాగితం ముక్క. అయితే రాత్రి రాసిన చీటీని పొద్దున్నే గోడ మీది కాగితంలో కలిపేయాలి, లేకపోతే ఇంట్లో రెండు జాబితాలు తయారై దేన్ని నమ్మాలో తెలియదు.

ఇప్పుడు విన్నపం. ఆదివారం సంచికలో నెలకొకసారైనా ఒక ఖాళీ వారపు పట్టీ అచ్చు వేయండి. పన్నెండు గీతలు చాలు, పదమూడోది వద్దు. ప్రతి గీతకు నాలుగు గడులు: పని, పేరు, మొదలుపెట్టే రోజు, బాణాలకు చోటు. కింద మూడు గీతలు ఎదురుచూపులకు. గడుల ఎత్తు పెన్నుతో రాయడానికి వీలుగా ఒక సెంటీమీటరుకు తగ్గకూడదు, న్యూస్‌ప్రింట్ మీద సిరా కాస్త పాకుతుంది. వెనక వైపు ప్రకటన ఉన్నా ఫరవాలేదు, గోడ వైపుకే తిరిగి ఉంటుంది. పట్టీ చుట్టూ పూల అంచులు, పైన సూక్తులు మాత్రం దయచేసి వేయకండి, ఆ చోటు రాసుకోవడానికి కావాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు